జేబులో రోజూ ఏ చాకు పెట్టుకోవాలి?

కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తమ్ముడొకరు అడిగిన ప్రశ్న ఇది: "పాతకాలం పద్ధతి మడత చాకు ఒకటి కొనుక్కుని రోజూ జేబులో పెట్టుకోవాలని ఉంది. పార్సిళ్ళు విప్పడానికి, ఆఫీసులో పండు కోసుకోవడానికి. మూడు వేల లోపు ఏది మంచిది? మీరు ఏది పెట్టుకుంటారు? హైదరాబాద్‌లో దాంతో తిరిగితే గొడవేమన్నా అవుతుందా?"

నేను బాలానగర్‌లో టూల్‌రూమ్ ఫిట్టర్‌ని. రేకుని ఆకారాలుగా కోసే డైలు, పంచ్‌లు చేయడం, వాటికి పదును పెట్టడం, ముప్పై ఏళ్ళుగా అదే నా బతుకు. జేబులో చాకు లేకుండా బయటికి వెళ్ళిన రోజులు చాలా తక్కువ. కాబట్టి జవాబు కొంచెం పొడుగ్గానే వస్తుంది, ఓపిక చేసుకోండి.

ముందు ఇవాళ నా దగ్గర ఉన్నవి చెప్తాను. కుడి జేబులో ఒపినెల్ అనే ఫ్రెంచ్ మడత చాకు, నంబర్ 7, కార్బన్ స్టీలుది. తాళాల గుత్తికి విక్టోరినాక్స్ క్లాసిక్ అనే చిన్న స్విస్ చాకు, మడిచినప్పుడు 58 మిల్లీమీటర్లది. అంతే. బీరువా సొరుగులో ఇంకో పదకొండు ఉన్నాయి. మా ఆవిడ లెక్క ప్రకారం పదిహేను. ఆమె లెక్కే కరెక్టయి ఉండొచ్చు.

చాకు ఎంచుకునేటప్పుడు స్టీలు పేరు, బ్రాండు, ఇవన్నీ తర్వాత చూస్తాను. మొదట చూసేది ఒక్కటే. పక్కన కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడకుండా దాన్ని తెరవగలనా, లేదా?

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. పన్నెండేళ్ళ కింద నేనూ సోకు కొద్దీ ఒక పెద్ద చాకు కొన్నాను. నల్ల పూత పూసిన బ్లేడు, బొటనవేలితో నెడితే ఒంటి చేత్తో తెరుచుకునేది. లాక్ పడినప్పుడు ఠక్కుమని గదంతా వినిపించేది. మా షాపులో ఒక కుర్రాడి పుట్టినరోజుకి కేకు తెచ్చారు. దాంతో ఇచ్చే ప్లాస్టిక్ చాకు ఎక్కడో పడిపోయింది. "నా దగ్గర ఉందిరా" అని జేబులోంచి తీసి తెరిచాను. ఆ చప్పుడుకి మాటలు ఆగిపోయాయి. అకౌంట్స్‌లో పనిచేసే అమ్మాయి కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుంది. కేకు కోశాం, తిన్నాం, కానీ ఆ పూట నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మరుసటి ఏడు అదే గదిలో ఒపినెల్ తీశాను. చెక్క పిడి, చుట్టూ మామూలు స్టీలు రింగు, రెండు చేతులతో నెమ్మదిగా తెరవాలి. అదే అమ్మాయి "అన్నా, ఇదేంటి ఇంత ముద్దుగా ఉంది" అని చేతిలోకి తీసుకుని చూసింది. ఆ రెండు చాకుల పదునులో పెద్ద తేడా లేదు. నల్ల చాకుని ఆ నెలలోనే ఒకతనికి ఇచ్చేశాను.

పాతకాలం చాకుల గొప్పతనం ఇక్కడే ఉంది. వీటిలో ఎక్కువ భాగం లాక్ లేనివి. పిడి వెన్నులో ఒక బద్దలాంటి స్ప్రింగ్ ఉంటుంది, అది బ్లేడు మొదలుని నొక్కి పట్టుకుంటుంది. తెరిచినప్పుడు తెరిచినట్టే, మూసినప్పుడు మూసినట్టే ఉంచేది ఆ ఒత్తిడే. ఇంగ్లీషువాళ్ళు దీన్ని స్లిప్‌జాయింట్ అంటారు. బ్లేడు మీద చంద్రవంకలాంటి చిన్న గాడి ఉంటుంది, అందులో గోరు పెట్టి లాగాలి. రెండు చేతులూ కావాలి, రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో ఎదుటివాడికి మీరు చేస్తున్నది ఏంటో అర్థమైపోతుంది.

లాక్ లేదు కాబట్టి ఒక్క జాగ్రత్త. కోయాలి, పొడవకూడదు. డబ్బాకి రంధ్రం చేద్దామని మొనతో గుచ్చితే బ్లేడు వెనక్కి మడుచుకుని మీ వేళ్ళ మీదే పడుతుంది. నా ఎడమ చూపుడు వేలి మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. కొబ్బరి చిప్పలోంచి కొబ్బరి పెకలించబోయాను, ఇంకేం చెప్పను.

ఇక గొడవ సంగతి. నేను లాయర్‌ని కాదు, కానీ ఇన్నేళ్ళు మోస్తున్నవాడిగా చదవాల్సింది చదివాను. 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలో ఉన్నాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకి చేసినవి అందులోంచి తప్పించారు. మనం మాట్లాడే చాకుల బ్లేడ్లు నాలుగంగుళాలు కూడా దాటవు. కానీ ఊరికో ఉత్తర్వు ఉంటుంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది. బటన్‌తో, స్ప్రింగ్‌తో, గరారీతో (పళ్ళ చక్రంలాంటి అమరికతో) తెరుచుకునే కత్తులకి 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అని గీత గీశారు. నా నంబర్ 7 బ్లేడు 8 సెంటీమీటర్లు. అది చేత్తో తెరిచేదే, బటన్ లేదు. అయినా అక్కడ రోడ్డు మీద నిలబడి కానిస్టేబుల్‌కి స్ప్రింగ్ పాఠం చెప్పే ఓపిక నాకు లేదు. ఢిల్లీ ప్రయాణమైతే అది ఇంట్లోనే ఉంటుంది.

మన ఊళ్ళో గణేశ్ నిమజ్జనం, బోనాలు, ఎన్నికలు వచ్చినప్పుడు ఊరేగింపులూ సభలూ జరిగే చోట కత్తులూ కర్రలూ పట్టుకు తిరగొద్దని ఉత్తర్వులు వస్తుంటాయి. ఆ రోజుల్లో పండు ఇంట్లోనే కోసుకుని డబ్బాలో పెట్టుకెళ్ళడం మేలు. విమానానికైతే చెక్-ఇన్ బ్యాగులో వేయాలి, చేతి బ్యాగులో కుదరదు. తాళాల గుత్తికి ఉన్న క్లాసిక్ సంగతి మర్చిపోయి ఒకసారి సెక్యూరిటీ దగ్గర డబ్బాలో వదిలేసి వచ్చాను. తప్పు నాదే. ఇప్పుడున్నది రెండోది.

బటన్ నొక్కితే తెరుచుకునేవి, రాంపురిలాంటివి మాత్రం జేబులో వద్దే వద్దు. రాంపురి మీద నాకు చిన్నచూపు లేదు. ఉత్తరప్రదేశ్‌లో నవాబుల ఊరు రాంపూర్, అక్కడి పనివాళ్ళ చేతిలో పుట్టిన చాకు అది. ఆ ఊరివాళ్ళకి ఎంత గర్వమంటే 2023లో 20 అడుగుల చాకు చేయించి చౌరస్తాలో నిలబెట్టారు. దొరికితే ఒకటి తెచ్చి గాజు అద్దాల పెట్టెలో పెట్టుకోవాలని నాకూ ఉంది. కానీ జేబులో దొరికితే మీరు జామకాయ కోసుకోవడానికి పెట్టుకున్నానంటే నమ్మేవాడు ఈ దేశంలో లేడు. సినిమాలు దానికా పేరు తెచ్చిపెట్టాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఏది కొనాలి.

మీకు రెండు పనులున్నాయి, పార్సిళ్ళు, పండ్లు. ఈ రెండూ ఒకే చాకుతో చేయకండి. పార్సిల్ టేపు జిగురు బ్లేడుకి అంటుకుంటుంది, కంటికి కనిపించదు, మామూలుగా తుడిస్తే పోదు. అట్టపెట్టె దుమ్ము దాని మీద పేరుకుంటుంది. దాంతోనే సాయంత్రం ఆపిల్ కోస్తే ముక్కకి అదో రకం వాసన. పైగా అట్ట అంత తొందరగా పదును చంపేది ఇంకోటి లేదు. అందుకే నా దగ్గర రెండు ఉంటాయి. పార్సిళ్ళన్నీ క్లాసిక్‌వి. గోరంత బ్లేడు, టేపు మీద గీత గీస్తుంది, లోపలున్న చొక్కాని చింపదు. దానికున్న కత్తెర ఇంకా మంచిది. బరువు 21 గ్రాములు, ఉన్నట్టే తెలీదు.

విక్టోరినాక్స్ కథ చాలామందికి తెలిసిందే. స్విట్జర్లాండ్‌లో ఇబాఖ్ అనే ఊళ్ళో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా. 1891లో స్విస్ సైన్యానికి చాకులిచ్చారు, 1897లో ఆఫీసర్ల చాకు వచ్చింది. ఆ ఎర్ర చాకు దాని వంశమే. స్టీలు కాఠిన్యం 56 రాక్‌వెల్ ఉంచుతారు. మా డై స్టీలుని మేం 60 దాకా తీసుకెళ్తాం, దాని ముందు ఇది మెత్తన. మెత్తన అని కొంతమంది పెదవి విరుస్తారు. నేను విరవను. ఆ మెత్తదనం వల్లే టీ కప్పు అడుగున ఉండే గరుకు అంచు మీద నాలుగుసార్లు లాగితే పదును తిరిగొస్తుంది. తుప్పు భయం దాదాపు లేదు. వాళ్ళదే 91 మిల్లీమీటర్ల స్పార్టన్ అనే రకం తీసుకుంటే రెండు బ్లేడ్లు, మూత తీసేది, డబ్బా కోసేది, వెనకవైపు బెజ్జం వేసేది ఉంటాయి. నేను ఆ బెజ్జం వేసేదాంతో బెల్టులకి వేసిన రంధ్రాలకి లెక్కలేదు. మా అల్లుడి బెల్టుకి ఏటా ఒకటి, బయటి వైపుకి.

పండ్లకి మాత్రం ఒపినెల్. ఫ్రాన్స్‌లో సవోయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టాడు. రైతుల చాకు, ఇప్పటికీ అదే రూపం. చెక్క పిడి, పల్చటి బ్లేడు. ఆ పల్చదనమే దాని బలం. దోసకాయ కోస్తే ముక్క విరగదు, జారుతుంది. నంబర్‌ని బట్టి సైజు. 1955లో వచ్చిన రింగు ఒకటి దీనికి ఉంటుంది. బ్లేడు తెరిచాక రింగు తిప్పితే అది మడుచుకోదు. 2000 నుంచి మూసి ఉన్నప్పుడు కూడా తిప్పి బిగించుకోవచ్చు, జేబులో తెరుచుకుంటుందన్న టెన్షన్ లేదు. ఈ రింగు నంబర్ 6 నుంచి పైవాటికే. మీకు నంబర్ 6 చాలు, 7 సెంటీమీటర్ల బ్లేడు. మొదటిసారి కాబట్టి స్టెయిన్‌లెస్‌ది తీసుకోండి. క్లాసిక్‌తో కలిపి మీ మూడు వేలు దాటేట్టుంటే ముందు ఒపినెల్ తీసుకుని, క్లాసిక్ వచ్చే నెల చూసుకోండి. ఆన్‌లైన్‌లో నకిలీలు ఉన్నాయి, మరీ చవగ్గా కనిపిస్తే ఆగండి. బ్లేడు మొదట్లో పేరూ దేశమూ స్పష్టంగా చెక్కి లేకపోతే వెనక్కి పంపేయండి.

మొదటిసారి స్టెయిన్‌లెస్ అన్నాను, మరి నేనెందుకు కార్బన్‌ది మోస్తున్నాను? ఏప్రిల్‌లో పచ్చి మామిడికాయ కోసి చూస్తే తెలుస్తుంది. కొత్త కార్బన్ బ్లేడు అద్దంలా ఉంటుంది. పుల్లటి కాయలోకి దించి బయటికి తీసేసరికి అంచు దగ్గర బూడిద రంగు మబ్బు పడుతుంది. తుడవకుండా ఐదు నిమిషాలు వదిలేస్తే నీలం, ఊదా, మధ్యలో ఎక్కడో బంగారు రంగు. ముక్క మీద కూడా సన్నటి నల్లగీత వస్తుంది. మన అమ్మమ్మల ఇనప కత్తిపీట మీద వంకాయ, అరటికాయ కోస్తే నల్లబడేది చూడండి, అదే ఇది. కాయలోని పులుపు, వగరు ఇనుముతో కలిసి చేసే పని. మొదటి నెలంతా ముక్కలు కొంచెం ఇనుము రుచి కొడతాయి. తర్వాత బ్లేడు నిండా ముదురు బూడిద రంగు పట్టి స్థిరపడిపోతుంది. ఆ పొర ఉన్నచోట ఎర్ర తుప్పు అంత తేలిగ్గా పట్టదు. నా నంబర్ 7 బ్లేడు ఇప్పుడు వర్షం ముందు మబ్బులా ఉంటుంది. దాని మీద ఒక చోట కాయ ఆకారం, ఒక చోట నా బొటనవేలి ముద్ర. చింతపండు పూసి ఒక్క రాత్రిలో ఆ రంగు తెప్పించుకునేవాళ్ళున్నారు. ఎవరిష్టం వాళ్ళది, నాకైతే అది అద్దె చొక్కాలా అనిపిస్తుంది.

ఇంకో మాట, ఉక్కు దగ్గరికి వచ్చాం కాబట్టి. ఒపినెల్ కార్బన్ బ్లేడులో కార్బన్ 0.9 శాతం దగ్గర ఉంటుంది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కులో అంతకంటే ఎక్కువే. డమాస్కస్ కత్తులకని పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. మన రాష్ట్రంలోనే ఒక ఊళ్ళో అంత ఉక్కు చేసినవాళ్ళం, ఇవాళ ఫ్రాన్స్ నుంచి చాకు తెప్పించుకుంటున్నాం. నాకది నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. కత్తుల మీద నిజంగా ఇష్టముంటే ఒకరోజు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళండి. పచ్చరాతి గదిలో నూర్జహాన్ పండ్ల కత్తి అని ఒకటి చూపిస్తారు. మహారాణి అయినా పండు కోసుకోవడానికి చిన్నదే కావాల్సొచ్చింది.

ఆదివారం పొద్దున కోఠి వైపు ఒక ఇరానీ హోటల్లో మేం నలుగురైదుగురం కలుస్తాం, చాయ్ వంకతో చాకులు చూసుకోవడానికి. రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారి దగ్గర పసుపుపచ్చ పిడి ఉన్న కేస్ కంపెనీ స్టాక్‌మ్యాన్. అమెరికాలో పెన్సిల్వేనియా వాళ్ళది, 1889 నుంచీ చేస్తున్నారు. కొడుకు డల్లాస్ నుంచి తెచ్చాడు. మూడు బ్లేడ్లు, మూడు ఆకారాలు. ఆయన ఒకటి ఉత్తరాలకని, ఒకటి పండ్లకని, ఒకటి పెన్సిల్‌కని విడదీసి పెట్టారు. ఉత్తరాలు ఎవరూ రాయడం లేదు గనక మొదటిది ఇంకా కంపెనీ పదునుతోనే ఉంది. టోలీచౌకి కార్పెంటర్ భాయ్ దగ్గర జపాన్ హిగోనోకామి. రేకు మడిచి చేసిన పిడి, స్ప్రింగూ లేదు, లాకూ లేదు, బ్లేడు తోకని బొటనవేలితో నొక్కి పట్టుకోవడమే. అక్కడ ఒకప్పుడు బడి పిల్లలు పెన్సిల్ చెక్కుకోవడానికి వాడేవాళ్ళు. భాయ్ కూడా అందుకే వాడతాడు. చెక్క మీద గీత గీయడానికి ఆయన పెన్సిల్ మొన సూదిలా ఉంటుంది. కాలేజీ లెక్చరర్ మేడమ్ హ్యాండ్‌బ్యాగులో అల్యూమినియం పిడి ఉన్న విక్టోరినాక్స్ క్యాడెట్. మా అందరిలోకి రోజూ నిజంగా చాకు వాడేది ఆవిడే. స్టాఫ్‌రూమ్‌లో పదకొండింటికి జామకాయ కోసి, ఉప్పుకారం అద్ది అందరికీ పంచుతుందట. అది మీ బడ్జెట్‌కి కొంచెం పైన పడుతుంది, కానీ పల్చన, జేబుకి అదే బాగుంటుంది. కొన్నవాళ్ళెవరూ బాధపడలేదు.

మేం చూసుకోవడానికి చాకు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పోస్ట్‌మాస్టర్ గారు చేతికివ్వరు. టేబుల్ మీద పెడతారు, మనం తీసుకోవాలి. కత్తి చేతికిస్తే తగువులొస్తాయని వాళ్ళమ్మగారు చెప్పిందట. తగువు మాటెలా ఉన్నా తెరిచిన చాకుకి అదే సరైన పద్ధతి. మీరు కూడా మూసి ఇవ్వండి, లేదా కింద పెట్టండి.

కొత్తది కొనే తొందర లేకపోతే ఇంకో దారుంది. ఎర్రగడ్డ ఆదివారం సంత. పాత మిక్సీ జార్లు, కుళాయిలు, ఆగిపోయిన గడియారాలు పట్టాల మీద పోసి అమ్ముతుంటారు. నాలుగేళ్ళ కింద అక్కడ తుప్పుతో బిగుసుకుపోయిన చాకు ఒకటి కనిపించింది. కొమ్ము పిడి, బ్లేడు లోపలే అతుక్కుపోయింది. మూడు వందలన్నాడు, నూట ఎనభైకి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టాను. నాలుగో రోజు రాత్రి, తోలు ముక్క అడ్డం పెట్టి ప్లయర్‌తో పట్టుకుని లాగితే కదిలింది. మురికి నూనె కారింది, ఇంకోసారి లాగితే సగం దాకా వచ్చి, ఆ తర్వాత తనంతట తనే టక్కుమని తెరుచుకుంది. ఆ స్ప్రింగ్ ఎన్నేళ్ళు ఊరుకుందో, చప్పుడు మాత్రం కొత్తదానిలాగే. పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే బ్లేడు మొదట్లో నక్షత్రం గుర్తు, దాని పక్కన శిలువ గుర్తు బయటపడ్డాయి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ రోడ్జర్స్ వాళ్ళ ముద్ర అది, 1764లో వాళ్ళకిచ్చింది. బ్లేడు సాన పట్టి పట్టి సగమైపోయింది. ఏ గుమాస్తాదో, ఎన్ని పెన్సిళ్ళు చెక్కాడో. అది నేను జేబులో పెట్టను, ఇంట్లో ఉత్తరాల కవర్లు, అంటే కరెంటు బిల్లు కాదు, పెళ్ళి శుభలేఖలు, దాంతోనే తెరుస్తాను. మీకు అలాంటిది దొరికితే ఒక్కటే మాట, ముద్రల మీద ఎమరీ కాగితం పెట్టకండి.

పదును గురించి చెప్పకపోతే పైన చెప్పిందంతా దండగ. మొద్దుబారిన చాకు పదునైనదానికంటే ప్రమాదం. బలం పెట్టి నొక్కుతాం, జారుతుంది.

ముందు చేయకూడనిది. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చేవాళ్ళకి ఇవ్వకండి. వాళ్ళ పని వంటింటి కత్తులకి, కత్తెరలకి బాగుంటుంది, ఆ పని చులకన చేయడం లేదు. కానీ నా మొదటి కార్బన్ చాకు అలాగే పోయింది. నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ ఇంట్లో కత్తులతో పాటు అదీ ఇచ్చేసింది. వచ్చి చూస్తే మొన దగ్గర నెమలి కంఠం రంగు. టూల్‌రూమ్‌లో ఆ రంగు చూస్తే గుండె జారుతుంది. నీళ్ళు లేకుండా తిరిగే చక్రం మీద పల్చటి అంచు కొన్ని సెకన్లలో కాలిపోతుంది. ఉక్కు ఆ నీలం రంగుకి తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీలు తాకిందని లెక్క. చాకుల ఉక్కుకి టెంపర్ ఇచ్చేది, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గడానికి మళ్ళీ కాస్త వేడి చేసేది, అంతకంటే చాలా తక్కువ వేడిలో. అక్కడి కాఠిన్యం పోయింది, ఇక ఎంత నూరినా ఆ అరంగుళం పదును నిలవలేదు. మా ఆవిడతో ఏమీ అనలేదు. అందామనుకున్నాను, అప్పటికే ఆమె ఆ చాకుతో మామిడికాయ ముక్కలు కోసి పప్పులో వేసేసింది.

ఇంట్లో చేసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో రెండు వైపులా ఉండే కార్బొరండం రాయి అడగండి, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు. దాని కింద తడిగుడ్డ పరిస్తే జారదు. రాయి మీద నీళ్ళు చల్లండి. కోణం 20 డిగ్రీల దగ్గర ఉండాలి. కోణమానిని పెట్టి చూడక్కర్లేదు. బ్లేడు వెడల్పు 17 మిల్లీమీటర్లు ఉంటే, వెన్ను కింద నాలుగు రూపాయి బిళ్ళలు పేర్చినంత ఎత్తు లేపితే సరిగ్గా అదే కోణం. మొదట్లో బిళ్ళలు నిజంగానే పెట్టి చెయ్యికి అలవాటు చేయండి, తర్వాత తీసేయండి. రాయి మీది నుంచి పల్చటి పొర కోస్తున్నట్టు అంచు ముందుకి నెట్టండి, బరువు వేయకండి. కాసేపటికి అవతలి వైపు అంచు మీద గోరు అడ్డంగా లాగితే సన్నటి గరుకు తగులుతుంది. మేం దాన్ని బర్ అంటాం. అది మొదలు నుంచి మొన దాకా వచ్చేవరకు వైపు మార్చకండి. తొందరపడి మార్చేవాళ్ళే "ఎంత నూరినా పదును రావట్లేదు" అంటారు. రెండు వైపులా వచ్చాక నునుపు వైపు తేలిగ్గా చెరో పదిసార్లు. ఆఖర్న పాత తోలు బెల్టు లోపలి వైపు, లోహానికి మెరుపు పెట్టే బఫింగ్ వాళ్ళు వాడే ఆకుపచ్చ సబ్బు రాసి, వెనక్కి లాగండి. ముందుకి నెడితే బెల్టు తెగుతుంది. పండిన టమాటా మీద బరువు వేయకుండా పెట్టి లాగితే తొక్క తెగాలి. గోటి మీద, వేలి మీద పరీక్షలు వద్దు.

మిగతా సంరక్షణ పెద్దగా ఏం లేదు. కార్బన్‌దైతే కోసిన వెంటనే తుడవండి, చొక్కా అంచుకైనా సరే. మే నెలలో చెమట జేబులో అది ఒక్క పూటలో చుక్కలు వేస్తుంది. కొబ్బరినూనె రాయకండి, కొన్నాళ్ళకి జిగురై మడత దగ్గర పట్టేస్తుంది. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అడిగితే ఇస్తారు, తిండి తగిలే బ్లేడుకి అది మంచిది, వాసన ఉండదు. దసరా ఆయుధ పూజకి బొట్టు పెట్టుకోండి, కానీ తడి కుంకుమ రాత్రంతా వదిలేయకండి. నా నంబర్ 7 మీద ఒక గుండ్రటి మచ్చ అలాగే ఉండిపోయింది, ఇప్పుడు ఎవరు అడిగినా బొట్టు అని చెప్తాను.

ఒపినెల్‌కి వానాకాలం ఒక చిక్కుంది. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడు గోరుకి రాదు. కంగారుపడి స్క్రూడ్రైవర్ పెట్టకండి. రింగు తిప్పి విడుదల చేసి, పిడి వెనక అంచుని టేబుల్‌కేసి రెండుసార్లు కొట్టండి, బ్లేడు మొన బయటికి తొంగిచూస్తుంది. సవోయ్ రైతులు చేసేది కూడా ఇదే. మరీ బిగుసుకుంటే రెండు రోజులు బియ్యం డబ్బా పైన పెట్టండి, లోపల కాదు. లోపల పెడితే మా ఇంట్లో ఏమైందో అది మళ్ళీ వేరే కథ. ఎంత మురికైనా నీళ్ళలో మాత్రం నానబెట్టకండి.

మెట్రో గురించి మీరు అడగలేదు కానీ కొండాపూర్‌లో ఉంటున్నారు కాబట్టి చెప్తున్నాను. స్టేషన్‌లో బ్యాగు స్కానర్ ఉంటుంది, చాకు చిన్నదైనా గార్డు ఆపి అడుగుతాడు. వాదించి లాభం లేదు. మెట్రోలో ఆఫీసుకి వెళ్తుంటే ఒపినెల్‌ని ఆఫీసు డ్రాయర్‌లోనే ఉంచేసుకోండి, పండు అక్కడే కదా కోసుకునేది. మొదట ఒకసారి ఆఫీసు సెక్యూరిటీవాళ్ళని కూడా అడిగి పెట్టండి. నేను మెట్రో ఎక్కే రోజు రెండూ ఇంట్లో వదిలేస్తాను. ఆ రోజంతా చెయ్యి దానంతట అదే కుడి జేబులోకి పోయి, ఖాళీగా బయటికొస్తూ ఉంటుంది.